నెలకి రాసుంటే అయిదు స్టార్లు, రెండేళ్ళకి రాస్తున్నాను కాబట్టి మూడున్నర

రొమ్ములో కాన్సర్ గడ్డ తీసిన ఆపరేషన్ అయిన నెలకే హాస్పిటల్ మీద రివ్యూ రాసెయ్యమని మా అమ్మాయి గోల పెట్టింది. అప్పుడు రాసుంటే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేసేదాన్ని. కుట్లు మానిపోయాయి, రొమ్ము ఎప్పట్లా నిండుగా ఉంది, అద్దంలో చూసుకుంటే చంక పక్కన ఒక సన్నని గీత తప్ప తేడా ఏం కనిపించలేదు. డాక్టరు గారికి ఆత్రేయపురం పూతరేకులు కూడా పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ నిండుతనం నీళ్ళదని నాకప్పుడు తెలీదు.

గడ్డ తీసేసిన చోట గుంట ఖాళీగా ఉండదు, ఒంట్లో నీరే వచ్చి చేరుతుంది, అందుకని మొదట్లో అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత నెలల్లో ఆ నీరు మెల్లగా ఇంకిపోతుంది, ఈలోగా రేడియేషన్ వల్ల కండ కాస్త బిగుసుకుంటుంది, అప్పుడు గానీ అసలు ఆకారం బయటపడదు. ఈ ముక్క నాకు ముందు ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఆగి ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

నేను అమలాపురం దగ్గర పల్లెలో ఇరవై రెండేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. రొమ్ము ఆకారం గురించి డాక్టర్ల కంటే నాకే ఎక్కువ తెలుసంటే నవ్వుకోకండి, రోజుకి నలుగురికి టేపు పెడతాను. రెండు వైపులా సరిసమానంగా ఉన్న ఆడమనిషిని ఇంతవరకు చూడలేదు. పావంగుళం, అరంగుళం తేడా అందరికీ ఉంటుంది, మేం డాట్‌లో, అంటే ఆకారం కోసం వేసే మడత కుట్టులో సర్దేస్తాం, తొడుక్కున్నావిడకి కూడా తెలీదు. కాబట్టి కింద నేను రాసే కొలతలు ఊసుపోక రాసినవి కాదు, టేపు పెట్టి రాసినవి.

హాస్పిటల్ పేరు రాయను. నాకున్న కంప్లైంట్లు కొన్ని చాలా హాస్పిటళ్ళకి వర్తిస్తాయి, పైగా నన్ను కన్నతల్లిలా చూసుకున్న సిస్టర్ ఒకావిడ ఇంకా అక్కడే చేస్తోంది.

నా గడ్డ దొరికింది కూడా కుట్టు పుణ్యమే. సంక్రాంతికి నా బ్లౌజు నేనే ఫిటింగ్ చూసుకుంటుంటే ఎడమ వైపు పైన, చంకకి దగ్గరగా, చేతికి గట్టిగా తగిలింది. చిన్న రేగుపండంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదాని మూడు వారాలు ఊరుకున్నాను, అది నా తప్పు. ముందు దగ్గర్లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే చెయ్యి పెట్టి చూసి రెండు నిమిషాల్లో తేల్చేశారు. "మొత్తం తీయించేసుకో అమ్మా, పీడా వదిలిపోద్ది." పరీక్ష చెయ్యరా అంటే, ఎలాగూ తీసేస్తాంగా అన్నారు. ఇంటికొస్తే మా అత్తగారిదీ అదే మాట. "నీకిప్పుడు నలభై ఆరు, ఇద్దరు పిల్లలు పెద్దాళ్ళయ్యారు, ఇంకా ఎందుకే అది? సూది గుచ్చితే పాకిపోద్దంట, గుచ్చనీకు." ఆవిడ ప్రేమతోనే అన్నారు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ సూది గుచ్చితే పాకిపోవడం అనేది ఒట్టి పుకారు. సూదితో చిన్న ముక్క తీసి అది కాన్సరో కాదో, ఏ రకమో తేల్చుకోకుండా కత్తి పట్టుకునే డాక్టరు దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి. నేను లేచి వచ్చేశాను. మా ఆయన ఆ రోజు కొబ్బరి దింపు మానుకుని నాతో వచ్చారు, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, రావులపాలెంలో దిగి ఒక గెల అరటిపళ్ళు కొన్నారు. ఎందుకు కొన్నారో ఇప్పటికీ తెలీదు, ఇంట్లో పెరట్లోనే అరటి ఉంది.

రెండో హాస్పిటల్ గురించే ఈ రివ్యూ. మా ఊరి నుంచి రెండు గంటల బస్సు, జొన్నాడ వంతెన దాటి వెళ్ళాలి. అక్కడి సర్జన్‌కి మాత్రం నేను దణ్ణం పెడతాను. మమోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సూది బయాప్సీ అన్నీ చేశాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టి తెల్లకాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. గడ్డ 1.8 సెంటీమీటర్లు, ఒక్క చోటే ఉంది, రొమ్ము ఉంచి గడ్డ వరకే చుట్టూ కాస్త మంచి కండతో కలిపి తీయొచ్చు, తర్వాత రేడియేషన్ తప్పనిసరి, మొత్తం తీసేయమన్నా తీసేస్తాం, ఎంచుకోవలసింది మీరే అన్నారు. నేను అడగాల్సింది ఒక్కటే. "ఉంచుకుంటే తొందరగా పోతానాండి?"

"పోరు. అది ఎప్పుడో తేలిపోయిన లెక్క" అన్నారు.

తేలిపోయిన లెక్క ఏంటో మా అమ్మాయి తర్వాత చదివి చెప్పింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ 1976లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ మాత్రమే తీశారు, ఇంకొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2002లో, 1,851 మంది లెక్క తీస్తే మూడు గుంపుల్లోనూ బతికున్నవాళ్ళ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇటలీలోని మిలాన్‌లో వెరొనేసి అనే ఆయన 701 మంది మీద చేసినదాని ఇరవై ఏళ్ళ ఫలితం కూడా అదే ఏడాది వచ్చింది, అదే మాట చెప్పింది. అంతకుముందు దాదాపు నూరేళ్ళు, హాల్‌స్టెడ్ అనే ఆయన చూపించిన దారిలో, రొమ్ముతో పాటు కింద ఛాతీ కండ కూడా చెక్కేసేవారట. మా అత్తగారి భయం అక్కడి నుంచి వచ్చిందేమో.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాచి రివ్యూ రాస్తే పాపం తగులుతుంది. ప్రాణానికి తేడా లేదు గానీ, ఉంచుకున్న రొమ్ములో మళ్ళీ రావడం అనేది ఉంటుంది. ఆ అమెరికా లెక్కలోనే గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్ళలో నూటికి 39 మందికి ఇరవై ఏళ్ళలో అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది. రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో 14 మందికే. ఇప్పటి మందులతో, మిషన్లతో అది ఇంకా బాగా తగ్గింది. మిలాన్‌లో ఉంచుకున్నవాళ్ళకి నూటికి తొమ్మిది లోపు, మొత్తం తీసేసినవాళ్ళకి కూడా ఛాతీ మీద నూటికి రెండు పైచిలుకు. మొత్తం తీసేస్తే ఇక రానే రాదు అనేవాళ్ళు ఆ రెండు మరిచిపోతారు. కాబట్టి ఉంచుకోవడం అంటే రేడియేషన్‌తో కలిపి ఉంచుకోవడం. మా వయసువాళ్ళు ఆపరేషన్ అయిపోయింది కదా, బాగున్నాను కదా అని దాన్ని ఎగ్గొట్టకూడదు. పెద్ద వయసువాళ్ళలో కొందరికి డాక్టర్లే అక్కర్లేదంటారు, అది వాళ్ళు చెప్పాల్సిన మాట, మనం కాదు.

ఆపరేషన్ గంటన్నర. గడ్డ నుంచి నీరు చంకలో ముందుగా చేరే గ్రంథి ఏదో పట్టుకోవడానికి నీలం మందు ఎక్కించారు, అలా దొరికిన మూడు గ్రంథులే తీసి చూశారు, మూడింట్లోనూ కాన్సర్ లేదు. పాతకాలంలోలా చంకంతా ఊడ్చెయ్యకపోవడం వల్ల చెయ్యి వాపు భయం చాలా తగ్గిపోయింది, మిషన్ మీద కూర్చునేదానికి నాకది చాలా పెద్ద సంగతి. మర్నాడు పొద్దున్న బాత్రూమ్‌కి వెళ్తే ఒంటేలు ఆకుపచ్చగా, నీలంగా వచ్చింది. కెవ్వుమన్నాను. సిస్టర్ వచ్చి నవ్వి, నీలం మందు అలాగే బయటికి పోతుందమ్మా అంది. ముందే చెప్తే ఆ కేక తప్పేది కదా!

ఇక మార్జిన్. ఆ మాట డాక్టరు నోట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, అది మా మాట. మేం బ్లౌజుకి లోపల మార్జిన్ వదులుతాం, రేపు లావైతే విప్పుకోడానికి. వాళ్ళ మార్జిన్ వేరు. తీసిన ముక్క చుట్టూ రంగు పూసి ల్యాబ్‌లో సన్నగా కోసి చూస్తారు, రంగు ఉన్న అంచు దాకా కాన్సర్ కణాలు రాకూడదు. రాకపోతే చాలు, ఇంకా ఇంకా వెడల్పు తీసినంత మాత్రాన ఒరిగేది లేదని 2014లో అమెరికాలో సర్జన్లూ రేడియేషన్ డాక్టర్లూ కూర్చుని తేల్చారు. ఎక్కువ తీస్తే మిగిలేది తక్కువ, అందం పోయేది అక్కడే. పొదుపుగా కత్తిరించడం కూడా పనితనమే, ఎనభై సెంటీమీటర్ల ముక్కలో బ్లౌజు తీసేవాళ్ళకి తెలుసు.

నా ముక్కకి అయిదు అంచులు బాగున్నాయి, ఒక అంచు మీద రంగుకి తగిలింది. పంతొమ్మిదో రోజున మళ్ళీ థియేటర్. ఆ వారం నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, సరిగ్గా చెయ్యలేక మళ్ళీ కోస్తున్నారు అని హాల్లో అరిచాను కూడా. తర్వాత తెలిసింది, పెద్ద పెద్ద దేశాల్లో కూడా ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఇలా రెండోసారి చెయ్యాల్సి వస్తుందట. సరే, దానికి స్టార్ తగ్గించను. తగ్గించేది దేనికంటే, ఇలా జరగొచ్చు అని మొదటి సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పనందుకు. కాగితంలో ఉందన్నారు. ఉంది, ఇంగ్లీషులో, నాలుగో పేజీలో.

రేడియేషన్‌ని మావాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. షాక్ కొడుతుందేమో అని మా పిన్నిగారు రబ్బరు చెప్పులు వేసుకెళ్ళమంది. ఏమీ తెలీదండి, ఎక్స్‌రే తీసినట్టే. రొమ్మంతటికీ పదిహేను, గడ్డ ఉన్న చోట అదనంగా అయిదు, మొత్తం ఇరవై సిట్టింగులు, శని ఆదివారాలు సెలవు. ఇదివరకు రొమ్ముకే ఇరవై అయిదు ఉండేవట, ఇప్పుడు కొందరికి ఒక్క వారంలో అయిదుతో ముగించే పద్ధతి కూడా వచ్చింది, ఎవరికి సరిపోతుందో డాక్టరు చెప్పాలి. నాది ఎడమ వైపు కాబట్టి గుండెకి తగలకుండా ఊపిరి బాగా లోపలికి పీల్చి బిగపట్టించేవారు. ఊపిరితిత్తి నిండితే గుండె వెనక్కి జరుగుతుంది. "పీల్చండి, ఆపండి, ఆపండి, వదలండి." చిన్నప్పుడు పంటకాలవలో మునకలేసినదాన్ని కాబట్టి నాకు కష్టం కాలేదు.

నిజంగా కష్టమైంది ప్రయాణం. తెల్లారగట్ల అయిదింటికి బస్సు, ఎనిమిదికి నంబర్, ఒక్కోరోజు పదింటికి పని అయిపోయేది, ఒక్కోరోజు రెండు దాటేది. రెండుసార్లు మిషన్ ఆగిపోయింది. మిషన్ అన్నాక ఆగుతుంది, నా ఉషా మిషన్ కూడా ఆగుతుంది. కానీ మా ఫోన్ నంబర్లన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా, ముందు రోజు రాత్రి ఒక మెసేజ్ పెడితే పోయేదేంటి? మధ్యలో రోజులు తప్పిపోకూడదని చెప్పేదీ వాళ్ళే.

గౌన్ల సంగతి కూడా రాయాలి. లోపలికి వెళ్ళే ముందు నీలం గౌను వేసుకోమంటారు, ముందు వైపు నాడాలు. పది గౌనుల్లో ఆరింటికి నాడాలు లేవు. ఆడవాళ్ళు చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చుంటారు, ఎదురుగా వేరే పేషెంట్ల తాలూకు మగవాళ్ళు. నాలుగో రోజు సూదీ దారం, అరమీటరు నాడా టేపు సంచిలో వేసుకెళ్ళాను. నంబర్ వచ్చేలోపు మూడు గౌన్లకి కుట్టేశాను. ఇరవై రోజులయ్యేసరికి అక్కడున్న గౌన్లన్నింటికీ నాడాలున్నాయి. బిల్లు వెయ్యలేదు.

చర్మం మూడో వారానికి కమిలి నల్లబడింది, రొమ్ము కింద మడతలో కాస్త తోలు ఊడింది. పౌడర్లు, సెంట్లు వద్దన్నారు, వదులు నూలు బ్లౌజు వేసుకోమన్నారు, అది నా చేతిలో పనే. నలుపు పోవడానికి ఆరేడు నెలలు పట్టింది.

ఇప్పుడు అసలు లెక్క. రెండేళ్ళకి టేపు పెట్టాను. భుజం నుంచి పాయింట్‌కి, అంటే రొమ్ము మొనకి, కుడివైపు పదంగుళాలు, ఎడమ తొమ్మిదింబావు. అంటే ఎడమది పైకి లాక్కుంది. మధ్య నుంచి పక్క కుట్టు దాకా కుడివైపు తొమ్మిదిన్నర, ఎడమ ఎనిమిదిన్నర. పైన చంక దగ్గర బొటనవేలు పట్టేంత లోతు. మొన తిరిగిన దిక్కు కొద్దిగా గీత వైపు. నొక్కితే కుడివైపు కంటే గట్టి. వాన ముసురు పట్టిన రోజున సూదితో పొడిచినట్టు అప్పుడప్పుడు కలుక్కుమంటుంది. స్పర్శ మాత్రం ఉంది, అదే నాకు అన్నిటికంటే ఎక్కువ.

డాక్టర్లు దీనికి నాలుగు మార్కులు పెట్టుకున్నారట, అద్భుతం, బాగుంది, పర్లేదు, బాలేదు అని. మా డాక్టరు గారు "బాగుంది" వేశారు. చీరలో అయితే నేనూ అదే వేస్తాను, ఏ మనిషీ కనిపెట్టలేడు. అద్దం ముందు మటుకు "పర్లేదు". నా అసలు ఫిర్యాదు ఏంటంటే, గుంట పడే చోట పక్క కండని జరిపి అక్కడే పూడ్చే పద్ధతి ఉంది, ఆంకోప్లాస్టీ అంటారు, కాన్సర్ ఆపరేషన్‌లోనే చేస్తారు, పరదేశాల ముచ్చటేం కాదు, మనదేశంలోనూ చేస్తున్నారు. రొమ్ములో పదో వంతు, అయిదో వంతు పోతుందంటే, అందులోనూ లోపలి వైపో కింది వైపో పోతుందంటే, ముందే దాని గురించి ఆలోచించాలి. నాకు ఆ పేరు కూడా చెప్పలేదు. అడిగితే "మీ వయసుకి అవసరం లేదనుకున్నాం" అన్నారు. నా వయసుకి ఏది అవసరమో నన్నడగండి! మా అత్తగారు ఆ మాట అంటే సర్దుకున్నాను, డాక్టరు అంటే సర్దుకోలేకపోతున్నాను. పొట్టలోంచి కొవ్వు తీసి గుంటలో నింపొచ్చు, కావాలా అని ఇప్పుడు అడుగుతున్నారు. వద్దన్నాను, ఇంక కత్తులూ సూదులూ చాలు.

నా బ్లౌజుకి నేనే దారి చూసుకున్నాను. ఎడమ డాట్ ముప్పావంగుళం పైకి జరిపి కొంచెం చిన్నది చేశాను, లైనింగ్‌కీ గుడ్డకీ మధ్య చంక వైపు పాత నూలు చీర రెండు పొరలు అర్ధచంద్రంలా కోసి పెట్టాను. బజారులో దొరికే స్పాంజి ప్యాడ్ చెమటకి ఒరుసుకుంటుంది, మన ఎండలకి పనికిరాదు. ఇప్పుడు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు ఏడుగురు నా దగ్గరే కుట్టించుకుంటున్నారు.

ఆ ఏడుగురిలో ఒకావిడ పి.గన్నవరం అవతల లంకలో ఉంటుంది. ఆవిడది నాకంటే చిన్న గడ్డ. అయినా మొత్తం తీయించేసుకుంది, ఎందుకంటే ఆపరేషన్ జూలైలో, రేడియేషన్ ఆగస్టులో పడుతుంది, గోదారి పొంగితే కాజ్‌వే మునిగిపోయి పడవ తప్ప దిక్కుండదు, అదీ రోజూ ఉండదు. నేను ఆవిడని తప్పు పట్టను. మొత్తం తీసినా చంకలో గ్రంథులకి పాకి ఉంటే రేడియేషన్ పడొచ్చు అని తెలిసే ఒప్పుకుంది, ఆవిడకి పాకలేదు. గడ్డలు రెండు మూడు చోట్ల విడివిడిగా ఉన్నా, ఇదివరకు ఆ ఛాతీకి రేడియేషన్ తీసుకున్నా, కడుపుతో ఉన్నా కూడా ఉంచుకోవడం కుదరకపోవచ్చు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కుంచింపజేసి తర్వాత తీసే దారి ఉంది, ఆ ప్రశ్న మాత్రం అడగకుండా రాకండి.

డబ్బు సంగతి, ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగింది, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. నాకు తగిలిందల్లా బస్సులు, క్యాంటీన్, పోయిన కుట్టు కూలీ. క్యాంటీన్ ఇడ్లీతో గోడకి మేకు కొట్టొచ్చు.

సర్జన్ పనికి, ఓపికకి నాలుగున్నర. సిస్టర్లకి అయిదు. రేడియేషన్ పనికి నాలుగు, అక్కడి మర్యాదకి రెండు. ముందు చెప్పాల్సినవి చెప్పడంలో ఒకటిన్నర. అన్నీ కలిపి మూడున్నర వేశాను, మా అమ్మాయి మూడు పాయింట్ నాలుగే వస్తుందంటోంది, సిస్టర్ కోసం ఆ కాస్త వదిలెయ్యమన్నాను.

కాన్సర్ మళ్ళీ రాకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర ఒకటి వేసుకుంటున్నాను, అయిదేళ్ళు వెయ్యాలి, రాత్రుళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి ఫ్యాన్ కింద లేచి కూర్చుంటాను. ఏడాదికోసారి మమోగ్రామ్. రెండోది వచ్చే మంగళవారం ఉంది, ఏమైనా తేడా వస్తే ఇక్కడే మార్చి రాస్తాను. గౌన్లు కొత్తవి వచ్చాయని సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. నాడాలు ఉన్నాయా అంటే నవ్వింది. టేపు రీలు సంచిలో పెట్టుకున్నాను.